పొగ మింగేది మనం, రోడ్డు కార్లవాళ్ళకా? బళేపేట జనమా, లేవండి!

గాజుల అంగళ్ళలో పనిచేసే తమ్ముళ్ళారా! మూటలు మోసే హమాలీ అన్నల్లారా! ఆటో తోలేవాళ్ళారా! తోపుడు బండి నెట్టేవాళ్ళారా! చీరల కొట్టు గుమాస్తాలారా! పూలు, నిమ్మకాయలు అమ్ముకునే అమ్మల్లారా, అక్కల్లారా!

ఈ కాగితం పారేయకండి. నిలబడి చదవండి. చదవలేని వాళ్ళకి చదివి చెప్పండి.

మనం ఎక్కడెక్కడి నుంచో బెంగళూరు వచ్చినవాళ్ళం. హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కర్నూలు, చిత్తూరు. కొందరిది తాతల కాలం నుంచీ ఇక్కడే బతుకు. కొందరు నిన్నగాక మొన్న మెజస్టిక్ బస్టాండులో సంచి దించుకున్నారు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. అంగడి వేరు, కూలి వేరు, అద్దె గది వేరు. పీల్చే గాలి మాత్రం అందరికీ ఒకటే. నల్లగాలి!

పొద్దున షట్టరెత్తగానే మనం చేసే మొదటి పనేంటి? గాజుల పెట్టెలు తుడవడం. తెల్లగుడ్డ పట్టుకుని ఒక్క వరస తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి మళ్ళీ తుడుస్తాం. మళ్ళీ అదే నలుపు. వాద్యాల అంగళ్ళ వాళ్ళనడగండి, వీణ మీద, హార్మోనియం మెట్ల మీద ఎంత మసి పేరుకుంటుందో. గాజు మీద పడ్డది తుడుస్తున్నాం. మరి ఊపిరితిత్తుల్లో పడ్డది? దాన్ని ఏ గుడ్డతో తుడుస్తాం?

ఆ నలుపు ఎక్కడిదో మన ఊళ్ళోనే లెక్క కట్టారు. సీస్టెప్ అని బెంగళూరులోనే ఒక పరిశోధన సంస్థ ఉంది. గాలిలో కంటికి కనబడని సన్న ధూళి ఉంటుంది, పీఎం 2.5 అంటారు. ముక్కు వెంట్రుకలకి చిక్కదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకి దిగి రక్తంలోకి కూడా చేరుతుంది. బెంగళూరు గాలిలో ఆ ధూళి నూటికి దాదాపు నలభై పాళ్ళు బండ్ల పొగ నుంచే వస్తోందని వాళ్ళు తేల్చారు. రోడ్డు మీద లేచే దుమ్ము దానికి అదనం.

జయదేవ హృద్రోగ సంస్థ డాక్టర్లు నలభై ఏళ్ళు నిండకముందే గుండె జబ్బుతో వచ్చినవాళ్ళ వివరాలు తీశారు. అందులో పెద్ద వాటా ఎవరిదో తెలుసా? ఆటో, టాక్సీ డ్రైవర్లది! రోజుకి పన్నెండు గంటలు పొగలో కూర్చునేవాళ్ళది. వాళ్ళేమీ పెద్ద వయసు వాళ్ళు కాదు. పెళ్ళయి పసిపిల్లలున్న కుర్రాళ్ళు! మన స్టాండులో నిలబడే అన్నలు!

ఇది ఒక్క దగ్గుతో పోయే సంగతి కాదు. అదే పొగ ఆకాశానికెక్కి ఎండని ముదరబెడుతోంది, వానని దారి తప్పిస్తోంది. ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలంతా కూడిన ఐపీసీసీ 2022లో ఇచ్చిన నివేదికలో చెప్పింది వినండి. బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు కాల్చడం వల్ల లోకంలో లేచే కార్బన్ డయాక్సైడులో 23 శాతం రవాణాదే. అందులో సింహభాగం ఓడలదీ విమానాలదీ కాదు. రోడ్డు మీద తిరిగే బండ్లది!

బెంగళూరంటే చల్లని ఊరని మన పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఎండాకాలం వస్తే కడప నుంచి, అనంతపురం నుంచి చుట్టాలు చల్లదనానికి ఇక్కడికొచ్చేవాళ్ళు. ఆ ఊరేనా ఇది? 2024 ఏప్రిల్ 28న బెంగళూరులో ఎండ 38.5 డిగ్రీలు! ఆ నెలంతా ఊళ్ళో చినుకు లేదు. బోర్లు వేలల్లో ఎండిపోయాయి. బిందెడు నీళ్ళకి ట్యాంకరు వెనకాల పరుగెత్తాం. ఆ ఎండలో నెత్తిన మూట పెట్టుకుని బీవీకే అయ్యంగార్ రోడ్డు నుంచి బళేపేట దాకా నడిచిన హమాలీకి తెలుసు 38.5 అంటే ఏంటో. ఏసీ కారులో పోయేవాడికి అది ఫోనులో ఒక అంకె.

వాన పడితే బాగుంటుందా? అదీ లేదు! 2022 సెప్టెంబరు గుర్తుందా? అవుటర్ రింగురోడ్డు మీద ట్రాక్టర్లెక్కి, పడవలెక్కి ఆఫీసులకి పోయారు. అంతకు వారం ముందు, ఆగస్టు 30న పడ్డ ఒక్క ట్రాఫిక్ జాముకి తమకు 225 కోట్లు నష్టమని అక్కడి కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి రాసింది. పేపర్లన్నీ వేశాయి. మరి ఆ వానల్లో మన పేటలో సరుకు దిగక కూలి పోయిన హమాలీ నష్టమెంత? తడిసిన చీరల బేళ్ళ నష్టమెంత? ఒక్కరైనా లెక్క కట్టారా? ఒక్క పేపరైనా వేసిందా?

2023 మే 21. ఆదివారం. కాసేపు కురిసిన వానకి కే.ఆర్. సర్కిల్ అండర్‌పాసు నిండిపోయింది. ఇంటిల్లిపాదీ కలిసి వస్తున్న కారు అందులో చిక్కుకుంది. ఒక అమ్మాయి చనిపోయింది. మన ఆంధ్రా పిల్ల. ఉద్యోగానికని ఈ ఊరొచ్చిన పిల్ల. ఎక్కడో అడవిలో కాదు, విధానసౌధకి కూతవేటు దూరంలో! మన బళేపేట నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో! ఆ తల్లిదండ్రులకి ఏం చెబుతాం? కార్ల కోసం భూమి తవ్వి పల్లం చేశారు, వాన ఆ పల్లంలోకి వచ్చింది అని చెబుతామా?

చెరువులు పూడ్చారు. చెట్లు నరికారు. భారతీయ విజ్ఞాన సంస్థలో టీ.వీ. రామచంద్ర అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఉపగ్రహ చిత్రాలు పట్టి లెక్క తీశారు. నాలుగు దశాబ్దాల్లో బెంగళూరులో 88 శాతం పచ్చదనం పోయింది. 79 శాతం నీటి తావులు పోయాయి. వాటి మీద లేచింది సిమెంటు, తారు. ఇక వాననీళ్ళు ఎటు పోవాలి?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

మన బళేపేట నుంచి ఆ విజ్ఞాన సంస్థ ఆరేడు కిలోమీటర్ల దూరం. మల్లేశ్వరం దాటితే వస్తుంది. 1909లో మైసూరు రాజావారిచ్చిన భూమిలో, టాటా ఇచ్చిన డబ్బుతో మొదలైంది. ఇవాళ నడుస్తున్నది ఎవరి డబ్బుతో? మన పన్నులతో! మనం కొనే సబ్బు మీద, మనం పోసుకునే పెట్రోలు మీద కట్టే పన్నులతో. అక్కడ రవాణా మీద పరిశోధనకే ఒక కేంద్రం పెట్టారు. 2009 నుంచీ ఉంది. ఆశిష్ వర్మ అనే ప్రొఫెసరు, ఆయన విద్యార్థులు ఈ ఊరి రోడ్లని ఏళ్ళుగా చదువుతున్నారు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు, దేనిలో పోతున్నారు, ఎంత పొగ వస్తోంది, వరదొస్తే ఎన్ని ప్రయాణాలు ఆగిపోతున్నాయి, చుట్టు తిరిగి ఎంత దూరం పోవలసి వస్తోంది, అన్నీ! నార్వే దేశపు రవాణా పరిశోధకులతో కలిసి ఢిల్లీ, ముంబయి, బెంగళూరు నగరాల మీద వాతావరణ మార్పు దెబ్బ ఎలా ఉంటుందో కూడా చూశారు.

వాళ్ళు తేల్చింది ఏంటి? కార్లకి రోడ్లు పెంచుకుంటూ పోతే పొగ తగ్గదు. బస్సులు, రైళ్ళు పెంచాలి. నడిచేవాళ్ళకి దారి ఇవ్వాలి. సొంత కార్ల వాడకానికి పగ్గం వేయాలి. పెట్రోలు బండ్ల బదులు కరెంటు బండ్లు రావాలి. ఇందులో ఏదో ఒక్కటి చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, అన్నీ కలిపి చేస్తేనే పొగ దిగుతుంది. 

మరి సర్కారు చేస్తున్నదేంటి?

సొరంగం! హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా భూమి కింద 16.7 కిలోమీటర్ల రోడ్డు. ఖర్చు 17 వేల కోట్లకి పైమాటే! అందులో టూవీలర్లకి, ఆటోలకి ప్రవేశం ఉండదని ఆ ప్రతిపాదనల్లోనే ఉంది. కార్లయితే టోలు కట్టి పోవచ్చు. విన్నారా ఆటో అన్నా? విన్నావా స్కూటీ మీద పోయే చెల్లీ? తవ్వేది మన డబ్బుతో. మనకి మాత్రం గేటు మూసి ఉంటుంది!

ఇదే ఊళ్ళో ఇంకో లెక్క చూడండి. సబర్బన్ రైలు. 148 కిలోమీటర్లు, నాలుగు దారులు, మొత్తం అంచనా 15,767 కోట్లు. 2022 జూన్ 20న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. నలభై ఏళ్ళుగా ఆగిన పని నలభై నెలల్లో చేస్తామన్నారు. నలభై నెలలంటే 2025 అక్టోబరు. ఆ అక్టోబరు వచ్చింది, పోయింది. ఒక్క రైలైనా ఎక్కామా? 

కిలోమీటరుకి లెక్క కట్టండి. మన అంగడి క్యాలిక్యులేటరు మీదే కట్టండి. రైలుకి కిలోమీటరుకి నూరు కోట్ల పైచిలుకు. సొరంగానికి కిలోమీటరుకి వెయ్యి కోట్ల పైచిలుకు. పదింతలు! అదే 17 వేల కోట్లతో బస్సులు కొంటే? కరెంటు బస్సు ఒక్కోటి కోటిన్నర అనుకున్నా పదకొండు వేల బస్సులు! ఇవాళ మన ఊరి బస్సుల సంస్థ బీఎంటీసీకి ఉన్నవి ఆరేడు వేలు. రోజుకి నలభై లక్షలకు పైగా ప్రయాణాలు ఆ బస్సుల మీదే సాగుతున్నాయి. సాయంత్రం ఏడింటికి మెజస్టిక్‌లో ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడేవాళ్ళకి ఆ పదకొండు వేల బస్సులు అక్కర్లేదా?

సొరంగం పరిష్కారం కాదని ఆశిష్ వర్మ ఒకసారి కాదు, పదే పదే, బహిరంగంగా చెప్పారు. కొత్త రోడ్డు వేస్తే కొత్త కార్లు వస్తాయి, కొన్నేళ్ళకి మళ్ళీ అదే జాము అన్నారు. ఇది ఆయన సొంతంగా కనిపెట్టిన మాటా కాదు. డురాంటన్, టర్నర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు పట్టి 2011లో రుజువు చేశారు. నగరాల్లో హైవే ఎంత పెంచితే బండ్ల తిరుగుడు కూడా అంతే పెరుగుతుంది. రద్దీ తగ్గదు. నమ్మరా? హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకి ఫోను చేసి కేటీ ఫ్రీవే సంగతి అడగండి. కొన్నిచోట్ల ఇరవై ఆరు వరసల దాకా వెడల్పు చేశారు. లోకంలోనే అతి వెడల్పైన రోడ్లలో ఒకటి. 2008లో పని అయింది. 2011కీ 2014కీ మధ్యనే సాయంత్రం పూట అక్కడ ప్రయాణానికి పట్టే సమయం సగానికి సగం పెరిగింది! అన్ని వరసలతో తీరనిది మన ఊళ్ళో సొరంగంతో తీరుతుందా?

మన ఊరి సంగతి చూద్దాం. ఎన్ని ఫ్లైఓవర్లు కట్టారు! ఎన్ని అండర్‌పాసులు తవ్వారు! ఏమైంది? 2019లో టామ్‌టామ్ అనే సంస్థ లోకంలోని నగరాల ట్రాఫిక్ లెక్క తీస్తే జాముల్లో మనదే మొదటి స్థానం. 2024లో పది కిలోమీటర్లకి సగటున 34 నిమిషాలు. రోడ్డు మీద బండ్లు కోటి దాటాయి. ఫ్లైఓవరు కట్టినకొద్దీ బండ్లు పెరిగాయి. పరిశోధనలో రాసింది మన కళ్ళ ముందే జరిగింది. ఇంకెంత రుజువు కావాలి?

కరెంటు కార్లొస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. పొగ తగ్గుతుంది, నిజం. కానీ కరెంటు కారుకి కూడా పెట్రోలు కారంత జాగా కావాలి. జాములో అదీ నిలబడుతుంది. దాని టైర్లూ దుమ్ము లేపుతాయి. కరెంటు బస్సు రావాలి. కరెంటు ఆటో రావాలి, ఆటో అన్నకి అప్పు భారం లేకుండా రావాలి. ఒక్కడి కోసం రెండు టన్నుల కరెంటు కారు వస్తే బళేపేటకి ఒరిగేదేంటి?

ఇక మెట్రో. మన చిక్కపేట స్టేషను 2017లో తెరిచారు. సంతోషించాం. ఎండకి, వానకి, పొగకి దూరంగా పోవచ్చనుకున్నాం. 2025 ఫిబ్రవరి 9న ఏం చేశారు? చార్జీలు పెంచారు! గరిష్ఠ టికెట్టు 60 రూపాయల నుంచి 90కి పోయింది. కొన్ని దూరాలకి ఒక్క దెబ్బతో రెట్టింపు దాకా పోయింది. గొడవ చేస్తే కొంచెం తగ్గించారు. అంతకు నెల ముందే బస్సు చార్జీలు 15 శాతం పెంచారు. నెలకి పదిహేను వేలు వచ్చే గుమాస్తా ఏం చేస్తాడు? సెకండ్ హ్యాండ్ బైకు కొంటాడు. రోడ్డు మీద ఇంకో బండి. ఇంకాస్త పొగ. జనాన్ని రైలు నుంచి దించి బైకెక్కించింది ఎవరు? మనమా?

మంచి చేస్తే మంచే జరుగుతుందని కూడా చూశాం కదా. 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం. శక్తి పథకం. ఆ రోజు నుంచి బస్సుల్లో ఆడవాళ్ళు కిక్కిరిసిపోయారు. గార్మెంట్ ఫ్యాక్టరీకి, ఇళ్ళలో పనికి, పూల మార్కెట్టుకి పోయే అక్కలు నెలకి వెయ్యి, పన్నెండువందలు మిగుల్చుకున్నారు. బస్సు అందుబాటులో ఉంటే జనం బస్సే ఎక్కుతారు. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులక్కర్లేదు. కావలసిందల్లా ఇంకా బస్సులు. వాటికి రోడ్డు మీద సొంత వరస. 2019లో అవుటర్ రింగురోడ్డు మీద బస్సులకి వేరే వరస ఇచ్చారు. ఆ తర్వాత మెట్రో పనులొచ్చి అది మాయమైంది. బస్సు వరస ఎవరైనా తీసేయొచ్చు, కారు వరస మాత్రం ముట్టుకోకూడదా?

చదువుకున్న అయ్యలకీ ఒక మాట చెప్పాలి. ఇది కోపంతో కాదు, మనవాళ్ళన్న చనువుతో.

అయ్యా, మీ పరిశోధన మాకు కావాలి. కానీ అది మాదాకా రావడం లేదు. ఇంగ్లీషులో రాస్తారు. విదేశీ పత్రికల్లో వేస్తారు. చదవాలంటే డాలర్లు కట్టాలి. మీరు కొలిచింది మా ఊపిరి. మా ఊపిరి లెక్క మాకే తాళం వేసి పెడితే ఎలా? కన్నడంలో చెప్పండి, తెలుగులో చెప్పండి, తమిళంలో, ఉర్దూలో చెప్పండి. మా పేట వీధిలో నిలబడి చెప్పండి. మేం వింటాం. అడిగేవి అడుగుతాం.

ఇంకోటి. మీ లెక్కల్లో కారుంది, బస్సుంది, మెట్రో ఉంది. తోపుడు బండి ఎక్కడ? రోజూ తెల్లారి టెంపోలు కలాసిపాళ్యంలో, కాటన్‌పేటలో సరుకు దించుతాయి. అక్కడి నుంచి ఈ సందుల్లోకి సరుకు తెచ్చేది ఎవరు? బండి నెట్టే అన్న. నెత్తిన మోసే అన్న. తోపుడు బండికి పొగగొట్టం ఉందా? వందల కిలోల గాజులు, చీరలు, ఇత్తడి సామాను ఒక్క చుక్క డీజిలు లేకుండా అంగడి చేరుతున్నాయి. వాతావరణాన్ని కాపాడుతున్నవాడు అతను! అతనికి దక్కేదేంటి? ట్రాఫిక్‌కి అడ్డమొచ్చావని అదిలింపు. బండి లాక్కుపోవడం. జరిమానా. అడ్డం ఎవరు? ఒక్క మనిషిని మోస్తూ సందు మొత్తం ఆక్రమించిన కారా? పది అంగళ్ళ సరుకు మోస్తున్న బండా? పరిశోధకులారా, వచ్చి ఇది కొలవండి! బళేపేటలో ఒక్క రోజులో ఎంత సరుకు పొగ లేకుండా కదులుతుందో లెక్క రాయండి. ఆ కాగితం పట్టుకుని మేం పోలీసు స్టేషనుకి పోతాం, కమిషనరు దగ్గరికి పోతాం.

అంగడి యజమానులకీ చెప్పాలి. సేట్‌జీలారా, శెట్టి అన్నలారా, మీ భయం మాకు తెలుసు. కార్లు రాకపోతే గిరాకీ పోతుందని కదా? ఒక్క రోజు గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూడండి. పెళ్ళి గాజులకి, పెళ్ళి చీరలకి వచ్చేది ఎవరు? హిందూపురం రైలు దిగి, ఆర్టీసీ బస్సు దిగి, చిక్కపేట మెట్రో మెట్లెక్కి, చంటిపిల్లని చంకనేసుకుని నడుచుకుంటూ వచ్చే ఆడవాళ్ళు! కారు పెట్టుకోవడానికి ఈ సందుల్లో చోటెక్కడుంది? చోటు లేదనే కారున్నవాళ్ళు మాల్‌కి పోతున్నారు. మీ అన్నం నడిచొచ్చే గిరాకీ పెడుతోంది. ఆ తల్లి చంటిపిల్లతో భయపడకుండా నడవగలిగితే ఇంకో అంగడి ఎక్కుతుంది, ఇంకో డజను గాజులు కొంటుంది. 2020 నవంబరులో చర్చి స్ట్రీట్‌ని శని, ఆదివారాలు బండ్లు లేకుండా చేశారు. జనం రోడ్డు నిండా నడిచారు. అక్కడి గాలిని విజ్ఞాన సంస్థ వాళ్ళు కొలిచారు. ధనవంతుల వీధికి అయినప్పుడు మన పేటకెందుకు కాకూడదు?

కెంపేగౌడ 1537లో ఈ పేటలు కట్టించినప్పుడు మనుషులు నడిచే కొలతకి కట్టించాడు. ఈ సందులు ఇరుకు కాదు. మనుషులకి సరిపోయినంత ఉన్నాయి. ఇరుకు చేసింది బండ్లు!

మన చేతిలో ఏముంది అని దిగులు పడేవాళ్ళున్నారు. 2016 మరిచిపోయారా? బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా స్టీలు ఫ్లైఓవరు కడతామన్నారు. 6.7 కిలోమీటర్లు. ఎనిమిది వందల పైచిలుకు చెట్లు కొట్టేస్తామన్నారు. 2016 అక్టోబరు 16న ఈ ఊరి జనం వేలమంది చేయీ చేయీ పట్టుకుని రోడ్డు పొడుగునా నిలబడ్డారు. ముసలివాళ్ళు, పిల్లలు, ప్రొఫెసర్లు, అందరూ! 2017 మార్చిలో సర్కారు ఆ ప్రాజెక్టుని వదిలేసింది. జనం ఆపారు! 2025లో సొరంగానికి లాల్‌బాగ్ దగ్గర దారి తెరుస్తామంటే మళ్ళీ జనం తిరగబడ్డారు. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి బండరాయి ఉన్న తోట అది. హైదరాలీ వేయించిన తోట. ఆదివారం పిల్లల్ని తీసుకుపోవడానికి మనకున్న ఒక్క పచ్చని చోటు! దానికిందా తవ్వుతారు?

ఆ రెండుసార్లూ పేటల నుంచి మనం ఎంతమందిమి పోయాం? తక్కువ. చాలా తక్కువ. అంగడి వదిలితే కూలి పోతుందని ఆగిపోయాం. ఈసారి ఆగొద్దు!

మనకి చట్టం కూడా ఉంది. 2022 డిసెంబరులో కర్ణాటక శాసనసభ బెంగళూరు రవాణాకంతటికీ ఒకే సంస్థ ఉండాలని చట్టం చేసింది. బీఎంఎల్‌టీఏ అంటారు. బస్సు ఒకరిది, మెట్రో ఒకరిది, రోడ్డు ఇంకొకరిది అని ఎవరి దారి వారిది కాకుండా అన్నీ ఒకచోట చూసి తేల్చడానికి. 2023 నవంబరులో నగరపాలిక వాతావరణ కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదల చేసింది. 2050 నాటికి కార్బన్ విడుదలని నికరంగా సున్నా చేస్తామని రాసుకుంది. సంతకాలు పెట్టింది వాళ్ళే! ఒక చేత్తో సున్నా అని రాసి, రెండో చేత్తో కార్లకి సొరంగం తవ్వితే ఊరుకుంటామా? నగరపాలికకి 2015లో ఓటేశాం. ఆ సభ్యుల గడువు 2020లో తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మన వార్డుకి అడగడానికి మనిషే లేకుండా చేశారు. అందుకే నేరుగా మనమే అడగాలి.

ఏం అడుగుదాం? వేల కోట్ల రోడ్డు ప్రాజెక్టు ఏదైనా సరే, దానివల్ల ఎంత పొగ పెరుగుతుంది, ఎంతమంది ప్రయాణిస్తారు, అదే డబ్బుతో బస్సులు, రైళ్ళు వేస్తే ఎంతమంది పోతారు అన్న లెక్క ముందు జనం ముందు పెట్టాలి. శాస్త్రవేత్తలు ఆ లెక్క చూసి ఏమన్నారో అదీ పెట్టాలి. కన్నడంలో, అందరికీ అర్థమయ్యేలా, వార్డు కచేరీలో గోడకి అంటించాలి. అప్పటిదాకా ఒక్క గడ్డపార కూడా దిగకూడదు! సొరంగం డబ్బు సబర్బన్ రైలుకి, బస్సులకి పోవాలి. మెట్రో చార్జీ గుమాస్తా భరించేంతకి దిగాలి. మన పేట సందుల్లో పగటి పూట సొంత కార్లు ఆపాలి. తోపుడు బండికి, హమాలీకి, నడిచేవాళ్ళకి మొదటి హక్కు ఇవ్వాలి. అంబులెన్సుకి, ఆటోకి, ముసలివాళ్ళని తెచ్చే బండికి దారి ఉండాలి.

ఇది ఒక్క తెలుగువాళ్ళ గోడు కాదు. మన పక్క అంగడి కన్నడ అన్నదీ, ఎదురంగడి మార్వాడీ సేటుదీ, టీ బంకు మలయాళీ చేటన్‌దీ, అత్తరు కొట్టు భాయిదీ అదే గొంతు, అదే దగ్గు. అందరినీ పిలవండి. కన్నడ అన్నల్ని ముందు నిలబెట్టండి. ఇది వాళ్ళ ఊరు, మనకి అన్నం పెట్టిన ఊరు.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంచాం. మీరు రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతారు, దేనిలో పోతారు, ఎంతసేపు పడుతుంది, నెలకి ఎంత ఖర్చు, ఇంట్లో ఎవరికి ఆయాసం, ఎవరికి దగ్గు, అన్నీ దాని మీద రాయండి. తెలుగులో రాయండి, కన్నడంలో రాయండి. రాయలేకపోతే పక్కవాళ్ళ చేత రాయించండి. పేరు అక్కర్లేదు. అవన్నీ కట్టగట్టి ఒక కట్ట విజ్ఞాన సంస్థకి, ఒక కట్ట విధానసౌధకి తీసుకుపోదాం. ఇన్నాళ్ళూ మన మీద వాళ్ళు పరిశోధన చేశారు. ఈసారి లెక్క మనమే రాసిద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి బళేపేట మెయిన్ రోడ్డు మొదట్లో కలుద్దాం. హమాలీ అన్నలు బండ్లతో రండి. ఆటో అన్నలు ఆటోలు స్టాండులో పెట్టి రండి. అక్కలు పిల్లల్ని తీసుకుని రండి. అక్కడి నుంచి చిక్కపేట మెట్రో దాకా నడుద్దాం. రాసిన కాగితం మరిచిపోకుండా చేతపట్టుకుని రండి!

— బళేపేట తెలుగు అంగడి కార్మికులు, హమాలీలు, ఆటో డ్రైవర్లు, చిరువ్యాపారులు